బరువు మోసే తీగ

క్విబెక్‌లో చాలా ఇళ్లను చలికాలమంతా వెచ్చగా ఉంచేది ఒక పొడవాటి రేకు పెట్టె. నేలకు ఆనుకుని, ఎక్కువగా కిటికీ కింద, గోడ వెంట బిగించి ఉంటుంది. ఎత్తు జానెడు. ముందరి రేకు ఊడదీస్తే లోపల ఒక గొట్టం, గొట్టంలో హీటింగ్ కాయిల్, గొట్టం పొడవునా దగ్గర దగ్గరగా అల్యూమినియం రెక్కలు కనిపిస్తాయి. ఫ్యాను ఉండదు. కిటికీ అద్దం దగ్గర చల్లబడిన గాలి కిందికి దిగుతుంది, రెక్కల మధ్య వేడెక్కుతుంది, మళ్లీ పైకి లేస్తుంది. దీన్ని బేస్‌బోర్డ్ హీటర్ అంటారు. గదికి ఒకటో రెండో ఉంటాయి. గోడ మీద, మన స్విచ్చుబోర్డు ఉండేంత ఎత్తులో, వాటిని వేసి ఆర్పే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. అది థర్మోస్టాట్.

మా అక్క బిడ్డ మాంట్రియల్‌లో అలాంటి ఇంట్లోనే ఉంటున్నది. పాత థర్మోస్టాట్ తీసేసి, ఫోనుతో నడిచే స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టుకోవాలని ఆమె కోరిక. ఆఫీసుకు పోయేటప్పుడు తగ్గించడం మరచిపోతే దారిలోంచే తగ్గించుకోవచ్చు, ఇల్లు చేరే ముందు పెంచుకోవచ్చు. బయట మైనస్ 20 డిగ్రీలు ఉండే ఊళ్లో అది మంచి కోరికే. జోగిపేటలో ఉన్న నాకు ఫోన్ ఎందుకు చేసిందంటే, నా ఉద్యోగమంతా పటాన్‌చెరు, బొల్లారం వైపు ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంట్ పని. వేడిని కొలవడం, నిలబెట్టడం, ఆపడం మా శాఖ బాధ్యత.

వీడియో కాల్‌లో గోడ చూపించింది.

"మామా, పాత డబ్బా మూత తీసిన. ఏం సూడాలె?"

"ముందు బ్రేకర్ ఆఫ్ చేసినవా బిడ్డా?"

"చేసిన. టెస్టర్ పెట్టి కూడ సూసిన."

"వైరు ఎంత లావుంది? చీపురు పుల్లంతనా, అగ్గిపుల్లంతనా?"

కాసేపు చూసి చెప్పింది. "అగ్గిపుల్లంత ఉంది మామా. ఎరుపు రెండు, నలుపు రెండు. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్ కదా?"

ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. మన ఇళ్లలో ఏళ్ల తరబడి అలవాటైన లెక్క అదే. ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్తు. ఉత్తర అమెరికాలో ఆ లెక్క నడవదు. అక్కడ నలుపులో కరెంటు ఉంటుంది. బేస్‌బోర్డ్ హీటర్‌కు వచ్చే 240 వోల్టుల లైన్లో న్యూట్రలే లేదు. ఎరుపులో 120, నలుపులో 120, రెంటి మధ్యా 240. ఏదో ఒక వైరును న్యూట్రల్ అనుకుని నిర్భయంగా పట్టుకుంటే ప్రాణం పోతుంది. ఇక్కడ ఐటీఐ చదివి, చేతిపని బాగా వచ్చి, అక్కడికి వెళ్లి సొంత ఇల్లు కొనుక్కున్న మన పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. వచ్చిన పని మీద ఉన్న నమ్మకమే అక్కడ చేయిని తొందరపెడుతుంది.

వైరు మందం ఎందుకు అడిగానో కూడా చెప్పాలి. 2011లో నెస్ట్ అనే గుండ్రటి థర్మోస్టాట్ వచ్చాక స్మార్ట్ థర్మోస్టాట్ పేరు ప్రపంచమంతా తెలిసింది. 2014లో గూగుల్ 320 కోట్ల డాలర్లు పెట్టి ఆ సంస్థను కొన్నది. ఆ థర్మోస్టాట్, దాని దారిలో వచ్చిన పేరున్న రకాలు చాలావరకు 24 వోల్టుల మీద పనిచేసేవి. అమెరికాలో చాలా ఇళ్లకు వేడినిచ్చేది గ్యాస్ ఫర్నేసు. థర్మోస్టాట్ సన్న వైరు మీద దానికి కబురు పంపుతుంది, అంతే. వేడికి కావలసిన శక్తి ఆ వైరులోంచి పోదు. బేస్‌బోర్డ్ హీటర్ సంగతి అలా కాదు. హీటర్ తాగే కరెంటు మొత్తం గోడ మీది డబ్బాలోంచే పోతుంది. 1500 వాట్ల హీటర్ అయితే 240 వోల్టుల మీద 6.25 ఆంపియర్లు. రెండు హీటర్లు ఒకే డబ్బాకు ఉంటే 12.5. కబురు కోసం చేసిన సున్నితమైన యంత్రాన్ని ఆ తీగకు కలిపితే కాలిపోతుంది. అదొక్కటే కాలితే అదృష్టం, గోడలో ఉన్నది చెక్క.

గోడలో ఉన్న తీగ కబురు మోస్తున్నదా, బరువు మోస్తున్నదా? ఏదైనా తెలివైన పెట్టెను దేనికైనా తగిలించే ముందు అడగాల్సింది ఇదే. డబ్బా మీద ఎన్ని నక్షత్రాలున్నాయి, ఫోనులో ఎంత అందంగా కనిపిస్తుంది అన్నవి ఆ తర్వాతి ముచ్చట్లు.

థర్మోస్టాట్ పుట్టుకలోనే ఈ విభజన ఉంది. విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో వారెన్ జాన్సన్ అనే ఆయన కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. గదిలో వేడి సరిపోయిందో లేదో చూడటానికి బాయిలర్ దగ్గరి మనిషి తరగతి మధ్యలో వచ్చిపోతుండేవాడు. పాఠం తెగిపోతున్నదని ఆయన 1883లో విద్యుత్ థర్మోస్టాట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. గది చల్లబడితే కింద బాయిలర్ గదిలో గంట మోగుతుంది, అక్కడి మనిషి గాలి తలుపు తెరుస్తాడు. ఈ రోజు జాన్సన్ కంట్రోల్స్ అనే పెద్ద కంపెనీకి మూలం అదే. ఆ తొలి థర్మోస్టాట్ చేసిన పని గంట కొట్టడం. బొగ్గు, మంట, చెమట కింద ఉన్న మనిషివి. చరిత్రలో జాన్సన్ పేరు మిగిలింది. గంట విని లేచిన మనిషి పేరు ఎక్కడా లేదు.

మా ఫ్యాక్టరీ ప్యానెళ్లలోనూ ఇదే వరస. డ్రైయర్ ముందు నిలబడితే ఎర్రటి అంకెలు వెలిగే అరచేయంత పెట్టె కనిపిస్తుంది, టెంపరేచర్ కంట్రోలర్. దానికి ఒక పక్క పీటీ-100 అనే ప్లాటినం సెన్సర్. సున్నా డిగ్రీల దగ్గర సరిగ్గా 100 ఓములు, నూరు డిగ్రీల దగ్గర 138.5 ఓములు చూపిస్తుంది. ఆ తేడాను చదివి కంట్రోలర్ "చాలు", "ఇంకా కావాలి" అని తేలుస్తుంది. ఆ మాట ఒక రిలేకు పోతుంది, రిలే కాంటాక్టర్ కాయిల్‌ను లాగుతుంది, కాంటాక్టర్ టక్కుమని మూసుకుంటే అప్పుడు హీటర్‌కు అసలు కరెంటు పోతుంది. కొత్తగా చేరిన పిల్లలు ఎర్రటి అంకెల్నే యంత్రమనుకుంటారు. నేను వాళ్లకు మొదట చూపించేది పాత కాంటాక్టర్. విప్పి పాయింట్లు చేతిలో పెడితే తెలుస్తుంది. వెండి కలిసిన ఆ బిళ్లల మీద నల్లటి గుంటలు, అంచుల్లో కరిగి గడ్డకట్టిన చిన్న బొట్లు. మూసుకున్న ప్రతిసారీ, తెరుచుకున్న ప్రతిసారీ ఒక నిప్పురవ్వ అక్కడ పుట్టి చచ్చింది. కంట్రోలర్ మీద గీత కూడా పడదు, కాలేది పాయింట్లే. కాబట్టి వాటిని చూసుకునే వంతు ఎప్పుడూ రాసి పెట్టుకోవాలి. కంట్రోలర్ ఎంత మంచిదైనా, గుంటలు పడ్డ పాయింట్లు ఒకదానికొకటి అతుక్కుపోతే "చాలు" అన్న మాట వినేవాళ్లుండరు. హీటర్ కాలుతూనే ఉంటుంది.

మాంట్రియల్ గోడకు రెండు దారులున్నాయి. ఒకటి, ఇలాంటి రిలేను, దానికో చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను మధ్యలో పెట్టి 24 వోల్టుల థర్మోస్టాట్‌ను వాడుకోవడం. రెండోది, 240 వోల్టుల బరువును నేరుగా మోసేలా చేసిన స్మార్ట్ థర్మోస్టాట్ కొనడం. ఈ రెండో రకం కెనడా వాళ్ల అవసరంలోంచే పుట్టింది. న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ నుంచి మైసా, క్విబెక్ నుంచి సినోపే వచ్చాయి. వాటిలో కొన్నింటికి డబ్బాలో రెండు తీగలు చాలు, కొన్నింటికి నాలుగూ కావాలి, ఎందుకంటే యంత్రం తన తెలివికి కావలసిన కరెంటును కూడా అక్కడే తీసుకోవాలి. మా బిడ్డ డబ్బాలో నాలుగున్నాయి. మోయగల బరువు లెక్క చూసుకుని, రెండో రకమే తెప్పించుకుని, అక్కడి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో బిగించుకుంది. నేనే చెప్పాను, నువ్వు బిగించకు అని.

దానివల్ల ఆమెకు ఎంత మిగులుతుందన్నది వేరే ప్రశ్న. ఒక యూనిట్ కరెంటు కాలిస్తే 860 కిలోకాలరీల వేడి వస్తుంది. పాత థర్మోస్టాట్ కింద అంతే, కొత్తదాని కిందా అంతే. హీటర్‌కు తెలివి రాదు. మనిషి లేని గదిని, నిద్రపోయే గంటల్ని తక్కువ డిగ్రీల మీద ఉంచితేనే మిగిలేది. అయినా నేను వద్దనలేదు, ఎందుకంటే క్విబెక్‌లో ఇంకో లెక్క ఉంది. చలి ముదిరిన ఉదయం, సాయంత్రం ఊరంతా ఒక్కసారి హీటర్లు పెంచుతుంది. ఆ గంటల్లో వాడకం తగ్గించుకుంటామని ముందుకొచ్చిన వాళ్లకు అక్కడి విద్యుత్ సంస్థ హైడ్రో-క్విబెక్ బిల్లులో కొంత తిరిగిస్తుంది. లక్షల గదులు తలా రెండు డిగ్రీలు తగ్గితే, ఆ కరెంటు పుట్టించే ఆనకట్ట మీద పడే బరువు తగ్గుతుంది.

ఆనకట్ట అంటే మాకు సింగూరు. జోగిపేట నుంచి ఎక్కువ దూరం కాదు, మంజీర మీద ఉంది, నిండితే దాదాపు 30 టీఎంసీలు. అక్కడి జలవిద్యుత్ కేంద్రంలో 7.5 మెగావాట్ల యూనిట్లు రెండు, మొత్తం 15 మెగావాట్లు. నేను మా బిడ్డకు ఫోన్‌లోనే లెక్క కట్టి చెప్పాను. ఆమె పడకగదిలో ఉన్న 1500 వాట్ల హీటర్లాంటివి పదివేలు ఒక్కసారి వేస్తే మన సింగూరు కరెంటు మొత్తం అయిపోతుంది. పదివేల గదులు, అంతే. క్విబెక్‌లో లా గ్రాండ్ నది మీద ఉన్న రాబర్ట్-బురాసా కేంద్రం ఒక్కటే 5,616 మెగావాట్లు. అంత నీళ్లున్న చోటే కరెంటును నేరుగా వేడి చేసుకునే అలవాటు నిలబడుతుంది. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, "వంటింట్ల హీటర్ ఎందుకు మామా, బంద్ చేస్త" అన్నది.

మన దగ్గర చలి లేదని కాదు. డిసెంబర్, జనవరిలో తెలంగాణలో అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రతల వరసలో మా జిల్లా కోహీర్ పేరు తరచూ వస్తుంది, పటాన్‌చెరు కూడా వణుకుతుంది. కానీ ఆ చలి నెలన్నర, రెండు నెలలు. దుప్పటి, కుంపటి, పొద్దుటి ఎండ చాలు. మన పల్లెల్లో వేడిని డిగ్రీ లెక్కన చూసుకునేది కోళ్ల షెడ్డులోనే. గుడ్డు నుంచి వచ్చిన పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల దాకా కావాలి, తర్వాత వారానికి మూడు చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటర్ ఉన్నా రైతు చూసేది పిల్లలనే. బల్బు కిందికి గుంపుగా ఒత్తుకుంటే చలి. బల్బుకు దూరంగా గోడల వైపు పోయి నోళ్లు తెరిస్తే వేడి. షెడ్డంతా పరుచుకుని గింజలు తింటుంటే సరి.

ఈ ప్రాంతంలో స్మార్ట్ థర్మోస్టాట్‌కు అసలైన తోబుట్టువు వ్యవసాయ మోటరు దగ్గర ఉంది. మొదట వచ్చింది ఆటో స్టార్టర్. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి మూడో జాములో లైను వస్తే మోటరు దానంతటదే నడవాలని రైతులు పెట్టుకున్నారు. రాత్రిపూట బాయి కాడికి పోయి పాము కుట్టి, షాక్ కొట్టి పోయిన వాళ్ల కథలు లేని ఊరు మెదక్ వైపు లేదు. ఆటో స్టార్టర్ ఆ భయాన్ని తీసేసింది. నేను దాన్ని ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. కానీ దానికి మొదలుపెట్టడం తెలుసు, ఆపడం తెలియదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, మడి నిండినా మోటరు నడుస్తూనే ఉంటే భూమిలో నీళ్లు ఏం కావాలి? ఆటో స్టార్టర్లు తీసేయండని విద్యుత్ శాఖ వాళ్లు ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది.

తర్వాత వచ్చింది సిమ్ కార్డు వేసిన మొబైల్ స్టార్టర్. ఇంట్లో కూర్చుని ఫోన్ కొడితే మోటరు నడుస్తుంది, ఇంకోసారి కొడితే ఆగుతుంది, ఫేజు పోతే మెసేజ్ వస్తుంది. దాన్ని బిగించే మెకానిక్‌ను దగ్గరుండి చూడండి. 5 హెచ్‌పీ మోటరుకు పోయే లావు వైర్ల జోలికి అతను పోడు. పచ్చ బటన్, ఎర్ర బటన్ వెనక కాయిల్‌కు పోయే సన్న వైర్లను పట్టుకుంటాడు. మోటరు బరువు మోసేది పాత స్టార్టరే. అందులోని ఓవర్‌లోడ్ రిలేను అలాగే ఉంచుతాడు. ఇంజినీరింగ్ పుస్తకం తెరవని ఆ మెకానిక్‌కు, 320 కోట్ల డాలర్ల కంపెనీ వస్తువును ఎక్కడ కలపాలో, ఎక్కడ కలపకూడదో తెలుసు. జోగిపేట బస్టాండ్ చుట్టుపక్కల మోటరు వైండింగ్ షాపుల్లో ఆ జ్ఞానం రోజూ చేతులు మారుతున్నది. దానికి సర్టిఫికెట్ లేదు, కూలి తక్కువ. నాకు బాధ కలిగించేది ఇదే. ఫోనులో బొమ్మ గీసినవాడికి ఇచ్చే విలువలో పదో వంతు తీగ కలిపినవాడికి ఇవ్వడానికి మనకు చేతులు రావు.

ఫ్యాక్టరీలో ఈ అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎన్ని డిగ్రీల మీద, ఎన్ని గంటలు నడపాలో పైన తేలుతుంది. వేడి ముందు నిలబడేది అందోలు, సదాశివపేట, జహీరాబాద్ పిల్లలు, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన పిల్లలు. నిర్ణయానికీ బరువుకూ మధ్య రెండూ తెలిసిన మనిషి ఒకడుండాలి. ప్యానెల్ వాసన మారిందంటే చెప్పగలవాడు, చెబితే మాట చెల్లేవాడు. జీతాల ఖర్చు తగ్గించుకోవాలనుకున్న చోట మొదట తీసేసేది అతన్నే. నేను అది కళ్లారా చూశాను.

వేడిని కొలవడం, నిలబెట్టడం, ఆపడం అన్న మా పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది, ఆపడం. బేస్‌బోర్డ్ హీటర్ లోపల, రెక్కల పొడవునా, ఒక సన్నటి రాగి గొట్టం పోతుంది. అందులో వేడికి స్పందించే ద్రవమో ఆవిరో ఉంటుంది. పరదా జారి పెట్టె మీద ఏ మూలన పడ్డా, ఆ జానెడు చోటు కాగగానే అది హీటర్‌ను కట్ చేస్తుంది. థర్మోస్టాట్‌ను అడగదు. ఫోనుకు, వైఫైకి దానికి సంబంధం లేదు. మన ఫ్యాక్టరీల్లోనూ పద్ధతి ప్రకారం కంట్రోలర్ సెన్సర్ వేరు, హై టెంపరేచర్ ట్రిప్ సెన్సర్ వేరు. నడిపేది తప్పు చేసినా ఆపేది తన పని తను చేయాలి కాబట్టి రెంటికీ ఒకే సెన్సర్, ఒకే రిలే పెట్టకూడదు. ఉత్పత్తి ఆగిపోతున్నదని ట్రిప్‌ను బైపాస్ చేయమని ఎవరైనా అంటే, ఆ మాట రాసి సంతకం పెట్టి ఇవ్వమని మా పాత సీనియర్ ఒకాయన అడిగేవాడు. ఎవరూ ఇచ్చేవారు కాదు. బైపాస్ జరిగేది కాదు.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. పటాన్‌చెరు ఆసుపత్రి ముందు తమవాళ్ల కోసం నిలబడ్డ ఆ కుటుంబాలను తలుచుకున్నప్పటి నుంచి, వేడితో పనిచేసే ఏ యంత్రం దగ్గరైనా రక్షణ గురించి తేలిగ్గా మాట్లాడటం నావల్ల కావడం లేదు. మేనకోడలి గదిలో హీటరైనా సరే, పదే పదే అడిగి విసిగిస్తాను. విసుక్కున్నా అడుగుతాను.

స్మార్ట్ వస్తువులు రావద్దని నేననను, రావాలి. బాయి కాడికి రాత్రిపూట ఎవరూ పోనక్కరలేని రోజు రావడం నాకు సంతోషం. చలిదేశంలో ఉన్న మన పిల్ల ఆఫీసులోంచే ఇంటి వేడి తగ్గించుకోవడం నాకు సంతోషం. నడిపే పని ఎంతైనా ఫోనుకు అప్పగించండి. ఆపే పనిని మాత్రం అప్పగించకండి.

ఈ చలికాలం మీ ఇంట్లో గీజరు మాటిమాటికీ ఆగిపోతుంటే, అందులో థర్మోస్టాట్‌తో పాటు విడిగా కటౌట్ ఒకటి ఉందని గుర్తుంచుకోండి. కటౌట్ పడిపోతున్నదంటే థర్మోస్టాట్ పాడైందేమో, లోపల సున్నం పేరుకుందేమో చూడాలి. మెకానిక్ కొత్తది వేయాలంటే వేయించండి, అతను అడిగిన కూలి ఇవ్వండి. వైరు డైరెక్ట్ చేసి నడిపించమని మాత్రం అతన్ని అడగకండి.